హోటలు కూడు, ఇంటి కూడు



మేము భోజనప్రియులం. దాచిపెట్టి లాభం లేదు, మీ అందరికీ తెలిసిన సంగతే. మా ప్రసంగంలో ఎక్కడో ఒకచోట గోంగూర రాకుండా ఉండదని యవనస్థులు పందెం వేసుకుంటారని కూడా విన్నాం. మొన్న అరణ్యంలో ఇశ్రాయేలీయుల సణుగుడు గురించి చెబుతూ, ఐగుప్తు చేపల గురించి, దోసకాయల గురించి, ఉల్లిపాయల గురించి కాస్త ఎక్కువసేపే చెప్పినట్టున్నాం. కూడిక అయ్యాక ఒక పెద్దమ్మ మమ్మల్ని మందిరం బయట ఆపి, "అయ్యగారూ, మీరు చెప్తుంటే మాకే నోట్లో నీళ్ళూరినాయి. పాపం వాళ్ళు సణిగారంటే సణగరా మరి" అన్నారు. నవ్వి ఊరుకున్నాం.

ఈసారి రాసేది మాత్రం నవ్వు కోసం కాదు. మా మీద మేమే ఒక ఫిర్యాదు చెప్పుకోవలసి ఉంది. దానికి ముందు హోటళ్ళ గురించీ ఇంటి వంట గురించీ మా మనసులో ఉన్నది చెప్పనియ్యండి. అది తెలియకపోతే ఆ ఫిర్యాదు ఎందుకంత బరువుగా ఉందో మీకు తెలియదు.

హోటలు తిండి అంటే పాడు తిండి అని మన అక్కయ్యలు చాలామంది అంటారు. వారి మాటలో నిజం ఉంది. అయినా మాకు హోటలంటే గౌరవం. ఎందుకో చెబుతాం.

మేము పుట్టింది పల్నాటి పల్లెలో. మా ఊరి మధ్యలో ఒక టీ కొట్టు ఉండేది. తాటాకు పంచ, రెండు చెక్క బల్లలు, ఒక పొయ్యి. ఆ బల్లల మీద మా నాన్న కూర్చోగా మేము ఎన్నడూ చూడలేదు. మా పేటవాళ్ళకు గ్లాసులు వేరు. అవి పంచ చూరులో దోపి ఉండేవి. నాన్న ఆ గ్లాసు తీసుకొని, తొట్టి దగ్గర కడుక్కొని, చేయి చాపి పట్టుకుంటే కొట్టాయన పైనుంచి టీ పోసేవాడు. తాగిన తర్వాత మళ్ళీ నాన్నే కడిగి చూరులో పెట్టేవాడు. మాకప్పుడు ఆరేళ్ళు, అంటే 1986 ప్రాంతం. హోటళ్ళలో ప్రవేశానికి కులం అడ్డు రాకూడదని రాజ్యాంగం 15వ అధికరణంలో 1950 నుంచీ రాసి ఉంది. అంటరానితనాన్ని శిక్షించే చట్టం 1955లో వచ్చింది. ఆ సంగతులేవీ మా ఊరి చూరు దాకా రాలేదు.

1995లో మేము పదో తరగతి పాసైతే నాన్న మమ్మల్ని నరసరావుపేట తీసుకొనిపోయాడు. బట్టలు కొన్నాక బస్టాండు దగ్గర ఒక భోజన హోటలు ముందు నిలబడ్డాడు. లోపలికి పోడు, ముందుకు పోడు. అంతలో వడ్డించే మనిషి లోపలినుంచి, "రండి పెద్దాయనా, రెండు ఆకులు ఖాళీ ఉన్నాయి" అని పిలిచాడు. కూర్చున్నాం. మా పక్కన తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దమనిషి తింటున్నాడు. ఒకే బకెట్లోంచి ఆయన ఆకులో పప్పు పడింది, అదే గరిటెతో మా నాన్న ఆకులోనూ పడింది. తిన్నాక నాన్న అలవాటు చొప్పున ఆకు మడిచి చేత్తో పట్టుకొని లేచాడు. "వదిలేయండి, మేం తీస్తాం" అన్నాడు వడ్డించే మనిషి. నాన్న ఆ ఆకు పట్టుకొని కాసేపు అలాగే నిలబడ్డాడు. తిరిగి వచ్చే బస్సులో సగం దారి దాకా ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, "పప్పు బాగుంది గదరా" అన్నాడు, అంతే.

ఆ పప్పు నిజంగా బాగుందో లేదో మాకు గుర్తులేదు. ఇప్పటికీ ఏ ఊరి హోటలుకు వెళ్ళినా మొదట పప్పే వేయించుకుంటాం.

హోటలు మంచిచెడ్డలు తెలుసుకోవడానికి కూడా అదే మంచి మార్గమని మా అనుభవం. బిర్యానీ తిని హోటలు గురించి తీర్పు చెప్పకూడదు. లవంగం, చెక్క, వేయించిన ఉల్లిపాయ కలిస్తే ఎన్నో తప్పులు కనబడకుండా పోతాయి. చారు అలా కాదు. చింతపండు పాతదైనా, మిరియాలు నూరకుండా పొడి డబ్బా విదిలించినా, నిన్నటి చారులో ఇవాళ నీళ్ళు పోసినా మొదటి గుటకలోనే తెలిసిపోతుంది. చారు బాగున్న హోటల్లో మిగతావి ఘోరంగా ఉండగా మేము చూడలేదు. ఇంకొక గుర్తు, పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ తింటున్నారో చూడండి. వాళ్ళు ఇంటినుంచి క్యారేజీ తెచ్చుకుంటుంటే మనం కూడా ఆలోచించుకోవాలి.

బిర్యానీ సంగతి వచ్చింది గనుక ఒక మాట. హైదరాబాదు కచ్చి బిర్యానీ అంటే పచ్చి మాంసాన్ని పెరుగులో, మసాలాలలో నానబెట్టి గిన్నె అడుగున పరిచి, దానిమీద సగం ఉడికిన బియ్యం వేసి, మూత అంచుకు పిండిముద్ద పూసి, సన్నసెగ మీద మాంసమూ బియ్యమూ ఒకేసారి ఉడికేలా చేయడం. ఉప్పు తక్కువైతే మధ్యలో మూత తీసి కలపడానికి వీల్లేదు. ఎంతో లెక్క తెలిసినవాడు చేసే పని అది. మన మండల కేంద్రంలో ఇప్పుడు పది అడుగులకొక బోర్డు మీద దమ్ బిర్యానీ అని ఉంది. లోపల మసాలా అన్నం ఒక గిన్నెలో, వేయించిన కోడి ఇంకొక గిన్నెలో ఉంటాయి. మనం అడిగాక రెండూ ప్లేటులో కలుసుకుంటాయి. తినడానికి అదీ బాగానే ఉంటుంది, మేము వద్దనం. ఫ్రై పీస్ బిర్యానీ అని నిజం పేరు పెట్టుకుంటే సరిపోయే దానికి అబద్ధం పేరు ఎందుకు అని మా బాధ.

టిఫిన్ల విషయంలో మాత్రం పెద్ద హోటళ్ళకంటే బండ్లనే నమ్ముతాం. విజయవాడ గాంధీనగర్లో బాబాయ్ హోటలు ఇడ్లీ మీద వెన్న వేసి ఇస్తే ఎంత దూరంనుంచైనా వెళ్ళి తింటారు, మేమూ తిన్నాం, బాగుంటుంది. అయితే మన ఊరి బస్టాపులో తెల్లవారకముందే బండి పెట్టే ఆ భార్యాభర్తల ఇడ్లీకి అదేమీ తక్కువ కాదు. ఆమె రాత్రి పిండి రుబ్బుతుంది, ఆయన నాలుగింటికి లేచి నీళ్ళు మోస్తాడు. తొమ్మిదింటికల్లా అంతా అమ్ముడుపోతుంది, ఇక నిలవ పెట్టేది ఏముంటుంది? సాయంత్రం బజ్జీల బండి దగ్గర మాత్రం జాగ్రత్త. మాటిమాటికి కాచిన నూనెలో చెడు పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. బండి దగ్గర కొలిచేవారెవరు? మన కళ్ళే కొలవాలి. నూనె నల్లగా, జిగురుగా ఉండి, పొంగులా నురగ వస్తుంటే ఆ పూట బజ్జీలు మానుకొని వేయించిన శనగలు కొనుక్కోండి.

యవనస్థులకు కూడా ఒక మాట ఉంది. ఏసీ ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్ళినప్పుడు ప్లేటు రాగానే తలవంచి ప్రార్థన చేసుకుంటున్నారు, సంతోషం. ఆ ప్రార్థనకు ఆమెన్ అన్న నోటితోనే, "ఏయ్, వాటర్ ఎక్కడ?" అని పిల్లవాడి మీద అరుస్తున్నారు. ఆ పిల్లవాడు ఏదో ఒక పేటనుంచి వచ్చినవాడే. నీళ్ళు పెట్టినప్పుడు అతని ముఖం చూడండి అని మేము పోయిన సంవత్సరం యవనస్థుల కూడికలో గట్టిగానే చెప్పాం. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

ఇక ఇంటి వంట.

ఇంటి వంట అనగానే అందరికీ అమ్మ గుర్తుకొస్తుంది. మా అమ్మ వండింది ఏమిటని అడిగితే, సగం రోజులు జొన్నలు. జొన్నన్నం, జొన్నసంకటి, జొన్నరొట్టె. దానిలోకి ఎండుమిరపకాయలు, ఉల్లిపాయ వేసి నూరిన కారం. వరన్నం పండుగకో చుట్టం వచ్చినప్పుడో. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక మా పేటలో పొయ్యిమీది కుండ మారింది. అమ్మ అప్పుడు ఎంత సంతోషించిందో మేము ఎదిగాక కూడా చెప్పుకునేది. జొన్నరొట్టె పట్టుకొని బడికి పోవాలంటే మాకు నామోషీగా ఉండేది, తెల్లన్నం మాకూ దొరికిందంటే మేమూ మనుషుల లెక్కలోకి వచ్చినట్టు ఉండేది. ఇప్పుడేమో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, పట్టణంలో జొన్నరొట్టె ఖరీదు చూస్తే భయమేస్తుంది. అమ్మ బ్రతికి ఉంటే ఆ ధర చెప్పి నవ్వించేవాళ్ళం.

పాతకాలం వంట, మన సొంత వంట అని గొప్పలు చెప్పుకునేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. పల్నాడంటే, గుంటూరంటే మిరపకాయ అని లోకమంతా అనుకుంటుంది. ఆ మిరపకాయ ఈ దేశానిది కాదు. అమెరికా ఖండంలో పుట్టి, సుమారు 500 ఏళ్ళ కిందట పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మన తాతముత్తాతలకు కారమంటే మిరియాలే. టమాటా, ఆలుగడ్డ కూడా అలా బయటనుంచి వచ్చినవే. బయటనుంచి వచ్చినదాన్ని మనం వంటింట్లోకి రానిచ్చాం, నూరుకొని తిన్నాం, చివరికి మనదే అన్నాం. కాయగూరల విషయంలో మనకున్నంత విశాల హృదయం మనుషుల విషయంలో లేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

సెమినరీలో డిప్లొమా చదివేటప్పుడు పాత నిబంధన చెప్పే అధ్యాపకులొకరు ఏశావు సంగతి చెబుతూ, మన తెలుగు బైబిలులో చిక్కుడుకాయల వంటకం అని ఉన్నచోట హెబ్రీ మాట అసలు అర్థం పప్పుగింజలు అన్నారు. ఎర్రటి మసూరుపప్పు లాంటిదన్నమాట. ఆ రోజు హాస్టలు మెస్సులో నీళ్ళ సాంబారు పోస్తుంటే, "ఏశావు దీనికోసమైతే జ్యేష్ఠత్వం అమ్మి ఉండడు" అని మా పక్క సోదరుడు అన్నాడు. వార్డెను గారు విన్నారు. ఆ వారమంతా పాత్రలు మేమే కడిగాం.

ఇంటి వంట గొప్పదని మగవాళ్ళం చాలా తేలికగా అంటాం. పాస్టరమ్మ గారు ఇరవై ఏళ్ళుగా మూడు పూటలా వండుతున్నారు. మేము మందిరంలో పొగిడినవి మాత్రం ఎవరింటి చేపల పులుసో, ఏ ఊరి పెసరట్టో. ఒకసారి ఆమే అన్నారు, "మీరు మా వంట గురించి మాట్లాడేది ఉప్పు తక్కువైన రోజునే" అని. లెక్క చూసుకుంటే నిజమే. 2021లో మాకు షుగరు ఉందని తేలాక ఆమె కష్టం రెండింతలైంది. పిల్లలకొక వంట, మాకొక వంట. మేమేమో పొద్దున్నే గృహ దర్శనాలని బయలుదేరి, దారిలో ఇడ్లీ బండి దగ్గర ఆగి, నాలుగు పునుగులు కూడా అడిగేవాళ్ళం. చొక్కా మీద చట్నీ చుక్క చూసి పట్టుకున్నారు. ఆనాటినుంచి సోమవారం వంట మాది. మొదటి సోమవారం పప్పుచారు పెట్టాం, పప్పు ఉడకకముందే చింతపండు పులుసు పోశాం. పులుపు తగిలాక పప్పు ఎంత ఉడికించినా మెత్తబడదని ఆ రోజు తెలిసింది. గంటన్నర గ్యాసు ఖర్చయింది. పిల్లలు ఏమీ అనకుండా తిన్నారు, అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇప్పుడు అసలు సంగతి.

మన సంఘంలో పై పేటవారు ఉన్నారు, దిగువ పేటవారు ఉన్నారు. ఏ పేట ఎవరిదో రాయనక్కరలేదు, మీకు తెలుసు, మాకు తెలుసు. మేము పుట్టిన ఇల్లు వేరే ఊళ్ళో ఉన్నా, పై పేటవారు మమ్మల్ని తమవారిగానే చూస్తారు. ఒకే మందిరంలో కూర్చుంటాం, ఒకే పాటలు పాడతాం, ఒకే రొట్టె, ఒకే పాత్ర.

దిగువ పేట చివరి ఇంట్లో ఒక పెద్దమ్మ ఉన్నారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. మనవడితో ఉంటారు. ఆమె మమ్మల్ని ఎన్నోసార్లు అడిగారు, "ఒక్కపూట మా ఇంట్లో చెయ్యి కడగండి అయ్యగారూ" అని. వస్తాం పెద్దమ్మా అంటూనే ఉన్నాం. ఈస్టరు వెళ్ళిన వారం ఆ పేటలో ప్రార్థన పెట్టుకున్నాం. ఆమె పొద్దున్నే చెట్టుకింద నిలబడి చింతచిగురు కోయించి, ఎండు రొయ్యలు వేసి వండి ఉంచారు. ప్రార్థన అయ్యాక కొత్త పళ్ళెం కడిగి తెచ్చారు. మేము చేతులు జోడించి, "షుగరు పెద్దమ్మా, ఈ పూట అన్నం మానేశాం, ఏమనుకోవద్దు" అన్నాం. ఆమె ఏమీ అనలేదు. ఒక అరటిపండు ఇచ్చారు. దానిలో కూడా చక్కెర ఉంటుందని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. తిని వచ్చాం.

ఆ రాత్రే పక్క ఊరిలో కూడిక ముగించుకొని ఇద్దరు సోదరులతో వస్తూ హైవే మీద ధాబా దగ్గర ఆగాం. పుల్కాలు తిన్నాం, కోడికూర తిన్నాం, ముగ్గురం కలిసి ఒక బిర్యానీ కూడా చెప్పాం. ఒక పిల్లవాడు నీళ్ళు పెట్టాడు. అతని ముఖం మేము చూడలేదు. యవనస్థులకు చెప్పిన మాట మాకే గుర్తులేదు. చూసి ఉంటే, ఆదివారం బడిలో మేమే పాటలు నేర్పిన పిల్లవాడని తెలిసేది. ఆ పెద్దమ్మ మనవడు.

రెండు ఆదివారాలు ఆమె మందిరానికి రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం. మూడో వారం వెళ్ళాం. మంచం వాల్చి కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఆ తర్వాత మెల్లగా అడిగారు, "అయ్యగారూ, షుగరు మా గడప దగ్గరే ఉంటదా? ధాబా దాకా రాదా?"

మాకు మాట రాలేదు. మొదట మనసులో చాలా సాకులు వచ్చాయి. ఆ మధ్యాహ్నం నిజంగానే కాస్త నీరసంగా ఉంది. ఆ ఇంటి పక్కన మురుగుకాలువ ఉంది. ఇంకా రెండు ఇళ్ళలో ప్రార్థన ఉంది. పేట అనే మాట మా మనసులోకి రాలేదని మాకు మేము చెప్పుకున్నాం. ఇంటికి వచ్చి పాస్టరమ్మ గారిని అడిగాం, పదకొండేళ్ళలో మనం ఎవరెవరి ఇళ్ళలో భోజనం చేశామో చెప్పమని. ఆమెకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి. "పై పేటలో మనం తినని ఇల్లు లేదు. దిగువ పేటలో నాలుగు" అన్నారు. టీ తాగాం, సోడా తాగాం, అరటిపండ్లు తిన్నాం. పొయ్యిమీద ఉడికింది తిన్నది నాలుగు ఇళ్ళలో. "నేను రెండుసార్లు మీతో అన్నాను కూడా. మీరు టైము లేదన్నారు" అన్నారు ఆమె.

ఆ రాత్రి చూరులోని గ్లాసు గుర్తుకొచ్చింది. మా నాన్న గ్లాసు అక్కడ దోపి ఉన్నప్పుడు, ఆ కొట్టాయన కూడా తనకు ద్వేషం లేదనే అనుకొని ఉంటాడు. ఊరి పద్ధతి అది, తానేం చేయగలడు అనుకొని ఉంటాడు. టీ మాత్రం పోసేవాడు కదా. మా నాన్నకు హోటలు ఒక తలుపు తెరిచింది. మాకు అదే హోటలు దాక్కోవడానికి పనికొచ్చింది. ధాబాలో తింటే ఎవరింట్లో తిన్నామని ఎవరూ అడగరు, ఎవరింట్లో తినలేదని కూడా అడగరు. అంతియొకయలో పేతురు గారు అన్యజనులతో కలిసి తింటూ, యెరూషలేమునుంచి కొందరు రాగానే వెనుకకు తగ్గారని, పౌలు గారు ఆయనను అందరి ఎదుట నిలదీశారని గలతీ పత్రికలో చదువుతాం. ఆ భాగం మీద మేము కనీసం ఐదుసార్లు ప్రసంగించాం. ఐదుసార్లూ పౌలు గారి పక్కనే నిలబడి మాట్లాడాం.

మరునాడు మధ్యాహ్నం చెప్పకుండానే మేమిద్దరం ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, "అన్నం పెట్టండి" అన్నాం. ఆమె కంగారుపడ్డారు. "ఇప్పుడేముంది అయ్యగారూ, పొద్దుటి అన్నం, పచ్చి పులుసు" అన్నారు. అదే పెట్టమన్నాం. పచ్చి పులుసులో ఉల్లిపాయ ముక్కలు, నిప్పుల మీద కాల్చి నలిపిన ఎండుమిరపకాయ. మనవడు పరిగెత్తి ఉప్పుచేప ఒకటి తెచ్చి కాల్చాడు. భోజనప్రియులం గనుక నిజమే చెబుతాం, పులుసులో పులుపు కాస్త ఎక్కువైంది. ఉప్పుచేప మాత్రం, బయట కరకరలాడుతూ లోపల మెత్తగా, అంత సరిగ్గా కాల్చింది మేము ఏ హోటల్లోనూ తినలేదు. పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్ర తీరాన నిప్పుల మీద చేప కాల్చి శిష్యులను భోజనానికి పిలిచారు కదా, తనను ఎరుగనని బొంకిన పేతురు కూడా ఆ పిలుపులో ఉన్నాడు. ఆమె గోడకు ఆనుకొని మేము తినేది చూస్తూ కూర్చున్నారు. మీరూ పెట్టుకోండి అంటే మొదట వద్దన్నారు. పాస్టరమ్మ గారు ఆమె పళ్ళెంలో అన్నం పెట్టాక తిన్నారు. క్షమించమని అడిగాం. "తినండి అయ్యగారూ, చల్లారిపోద్ది" అన్నారు. పొద్దుటి అన్నం అప్పటికే చల్లారి ఉంది. క్షమించారో లేదో మాకు తెలియదు. ఆదివారం మాత్రం వచ్చారు, వెనుక వరుసలో కూర్చున్నారు.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. మూడేళ్ళుగా మన ప్రేమవిందుకు కేటరింగు చెబుతున్నాం. శుభ్రత కోసం, స్త్రీలకు శ్రమ తగ్గుతుందని కమిటీలో అనుకున్నాం, మందిరంలో కూడా అలాగే ప్రకటించాం. అది సగం నిజం. అంతకుముందు సంవత్సరం అన్నం గిన్నె దగ్గర ఎవరు గరిటె పట్టాలనే దానిమీద మాట మాట పెరిగింది. కొన్ని కుటుంబాలు పిల్లలకు ఇంట్లోనే తినిపించి తీసుకొచ్చాయి. ఆ గొడవ ఎదుర్కోలేక మేము డబ్బు కట్టి బయటివారిని పిలిపించాం. వడ్డించేవారు ఏ పేటవారో ఎవరికీ తెలియదు గనుక అందరూ తిన్నారు. కొరింథులో ధనవంతులు ముందే తిని పేదలను ఆకలితో ఉంచారని పౌలు గారు కోపపడ్డారు. మనం అలా చేయలేదు, అందరం ఒకేసారి తిన్నాం. ఒకరు వండింది ఒకరం తినకుండా తప్పించుకున్నాం. ఆ సాంబారు కూడా ఏమంత బాగోలేదు.

ఈ సంవత్సరం కేటరింగు వద్దని కమిటీలో చెప్పాం. ఇద్దరు పెద్దలు ఒప్పుకోలేదు, ఒకాయన ఇంకా మాతో సరిగా మాట్లాడడం లేదు. ఆయన ఇది చదువుతారని తెలుసు. అయ్యా, మీ ఇంటి గోంగూర మాంసం తిన్న నోటితోనే చెబుతున్నాం, మీ మీద మాకు కోపం లేదు, మేము కూడా మొన్నటిదాకా మీ పక్కనే కూర్చున్నవాళ్ళం. మీరు వచ్చి గరిటె పట్టుకుంటే మాకు ఎంతో సంతోషం. రాకపోయినా వంట మాత్రం ఆగదు.

అంచనా 150 మందికి. బియ్యం 20 కిలోలు, కందిపప్పు 6 కిలోలు, వంకాయలు 12 కిలోలు, కోడిమాంసం 30 కిలోలు. చారు కూడా ఉంటుంది, మిరియాలు రోట్లో దంచి వేయాలి, పొడి డబ్బా తేవద్దు. చారు బాధ్యత దిగువ పేట చివరి ఇంటి పెద్దమ్మ గారిది. మేమే అడిగాం, రెండు రోజులు ఆలోచించి సరేనన్నారు, పులుపు సంగతి మేము ఆమెతో అనలేదు. పప్పు పై పేట అక్కయ్యలు, వంకాయ రెండు పేటలవారూ కలిసి. కోడికూర దగ్గర మనవడు ఉంటాడు, ధాబాలో నేర్చుకున్నాడట. పాస్టరమ్మ గారు అన్నం వారుస్తారు. మేము ఉల్లిపాయలు తరుగుతాం, పప్పుచారు జోలికి మమ్మల్ని రానివ్వవద్దని పిల్లలు ముందే చెప్పారు.

ఈ నెల చివరి శనివారం సాయంత్రం ఆరింటికి మందిరం వెనుక వేపచెట్టు దగ్గరికి రండి. కత్తిపీటలు ఎవరివి వారు తెచ్చుకోండి. పెద్ద గిన్నెలు పై పేటలో మూడు, దిగువ పేటలో రెండు ఉన్నాయి, ఐదూ కావాలి.